సాయానికి ఆగినవాడే బకరా

నాదర్‌గుల్ దాటి ఆదిభట్ల వైపు వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. అదే రోడ్డు మీద ఘట్‌కేసర్ దగ్గర 2024 డిసెంబరులో ఒక యూట్యూబర్ ఇరవై వేల రూపాయల నోట్ల కట్టను పక్కకు విసిరి, వెతుక్కోండి, దొరికినవాళ్లదే అంటూ వీడియో పెట్టాడు. జనం బండ్లు ఆపి వెతుకులాటకు దిగారు. రాచకొండ పోలీసులు కేసు పెట్టి అతన్ని అరెస్టు చేశారు. అంతకు కొన్ని నెలల ముందు, ఆగస్టులో, కూకట్‌పల్లి ట్రాఫిక్ మధ్య ఇంకో యువకుడు నోట్లు గాలిలోకి ఎగరేసి, వాటి కోసం జనం ఎగబడుతుంటే వీడియో తీయించుకున్నాడు. అతని మీదా కేసు నమోదైంది.

రోడ్డు మీద ప్రమాదం జరుగుతుందని పోలీసులు భయపడ్డారు. అది న్యాయమైన భయమే. అయితే ఆ వీడియోల్లో చూసేవారికి నవ్వు తెప్పించినది నోట్లు కాదు, వాటి కోసం వంగిన మనిషి. అతను ఎవరో, ఆ పూట ఏ అవసరంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. తాను లక్షల మంది ముందు వంగుతున్నానని అతనికీ తెలియదు.

ప్రాంక్ అనే మాటకు ఇప్పుడు తెలుగు అక్కర్లేకుండా పోయింది. ఇంటర్ చదివే పిల్లవాడి దగ్గర నుంచి నాయనమ్మ దాకా అందరికీ అర్థమవుతుంది. దాని పక్కనే ఇంకో మాట నిలబడి ఉంది, బకరా. ఎంటీవీలో సైరస్ బ్రోచా చేసిన కార్యక్రమం పేరు కూడా అదే. మోసపోయినవాణ్ని మేక అంటున్నాం. మేకను ఎందుకు మేపుతారో, ఎక్కడికి తోలుకెళ్తారో తెలిసి కూడా ఆ మాటను ఇంత తేలిగ్గా ఎలా వాడుతున్నామా అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మన ఊళ్లలో వేళాకోళం లేదా అంటే, కావలసినంత ఉంది. అయితే దానికో వరస ఉండేది. బావామరదళ్లు, వదినామరదళ్లు, వియ్యాలవారు ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. పెళ్లికొడుకు చెప్పులు దాచేస్తారు. పిన్నిని, మేనమామను ఏ మేరకు ఏడిపించవచ్చో పిల్లలకు కూడా తెలుసు. ఈ రోజు నువ్వు నన్ను అంటే రేపు నేను నిన్ను అంటాను. నాకు కోపం వస్తే నీ ఇంటి గడప తొక్కను, నువ్వే వచ్చి బతిమాలుకోవాలి. వరస అంటే చుట్టరికం మాత్రమే కాదు, తిరిగి ఒక మాట అనే హక్కు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పళ్లమ్ముకునే పెద్దమ్మకు, రోడ్డుకు అవతల ఆపిన కారులో కెమెరా పెట్టుకున్న కుర్రవాడికి ఏ వరస ఉంది? ఆమె తిరిగి ఏమన్నా అంటే ఎక్కడ వినబడుతుంది? ఎడిటింగ్ అతని చేతిలోనే ఉంది కదా.

ఎవరిని ఎంచుకుంటారో కూడా గమనించండి. ఆటో డ్రైవరు, అపార్టుమెంటు వాచ్‌మన్, బస్టాపులో ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి, ఇంటికెళ్లే తొందరలో ఉన్న కూలీ. సర్కిల్ ఇన్‌స్పెక్టరు మీద, రియల్ ఎస్టేట్ కంపెనీ యజమాని మీద, కార్పొరేటరు మీద ప్రాంక్ చేసిన వీడియో మీకు ఎన్నిసార్లు కనిపించింది? పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నారు పెద్దలు. ఇక్కడ పిల్లులు ఎలుకలను మాత్రమే వెతుక్కుంటున్నాయి.

తెలుగు సినిమాకు ఈ ఆట బాగా తెలుసు. 2011 సెప్టెంబరులో వచ్చిన 'దూకుడు' గుర్తుందా? శ్రీను వైట్ల దర్శకుడు, మహేశ్ బాబు కథానాయకుడు. అందులో బ్రహ్మానందం పాత్రను రియాలిటీ షో జరుగుతోందని, ఎం.ఎస్. నారాయణ పాత్రను సినిమా తీస్తున్నామని నమ్మించి, ఇద్దరినీ కథానాయకుడు తన పనికి వాడుకుంటాడు. రహస్య కెమెరా ఎక్కడో ఉందనుకుని బ్రహ్మానందం పడే పాట్లకు ఊరూరా థియేటర్లు దద్దరిల్లాయి. ఆ నవ్వులో తప్పు పట్టడానికి మాకేమీ కనిపించదు. బ్రహ్మానందానికి, నారాయణకు స్క్రిప్టు ముందే తెలుసు, పారితోషికం ముట్టింది, పేరు తెర మీద పడింది. దానికి తోడు రచయిత ఆ పాత్రలకు ఒక లోపం పెట్టాడు. ఒకడికి ఆశ, ఇంకొకడికి హీరో అయిపోవాలన్న పిచ్చి. వాళ్లు మోసపోతుంటే ఆ ఆశకు, ఆ పిచ్చికి తగిన శాస్తి జరిగిందనుకుని ప్రేక్షకుడు హాయిగా నవ్వుతాడు. మనస్సాక్షి గిల్లకుండా రచయిత ముందే ఏర్పాటు చేశాడన్నమాట.

రోడ్డు మీది ప్రాంకులో ఆ ఏర్పాటు ఉండదు. అక్కడ దొరికిపోయేవాడు తన ఆశ వల్ల దొరకడం అరుదు. చాలాసార్లు మంచితనం వల్లే దొరుకుతాడు. అడ్రసు అడిగితే ఆగి చెప్తాడు. సంచి పట్టుకోమంటే పట్టుకుంటాడు. కళ్లు తిరుగుతున్నాయంటే భుజం ఇస్తాడు. ఏడుస్తున్న పిల్ల కనబడితే దగ్గరికి వెళ్తాడు. చూసీ చూడనట్టు సాగిపోయినవాడు ఎన్నడూ బకరా కాడు. సాయానికి ఆగినవాడే బకరా.

2022 మే నెల మొదట్లో హైదరాబాదు ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద జరిగినది ఇదే. విష్వక్ సేన్ నటించిన 'అశోకవనంలో అర్జున కల్యాణం' విడుదలకు ముందు ప్రచారం కోసం ఒక ప్రాంక్ వీడియో వచ్చింది. సినిమాలోని కథానాయకుడికి ముప్పై మూడేళ్లు వచ్చినా పెళ్లి కాలేదని ఒక యువకుడు నడిరోడ్డు మీద గోల పెట్టి, ప్రాణం తీసుకుంటానని బెదిరించాడు. అటుగా వెళ్తున్నవారికి అది సినిమా ప్రచారమని ఎలా తెలుస్తుంది? ఒక న్యాయవాది మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. తర్వాత విషయం టీవీ స్టూడియోకు చేరింది. అక్కడ నటుడికీ యాంకరుకూ మాటామాటా పెరిగింది. ఇక వారం పాటు రాష్ట్రమంతా ఎవరు ఏ మాట అన్నారు, ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలి అన్న చర్చే నడిచింది. సినిమా మే 6న విడుదలైంది.

ఆ చర్చలో ఎక్కడా కనిపించనివారు రోడ్డు మీది జనం. ఒక మనిషి చచ్చిపోతాడేమోనని గుండె గుభేలుమన్నవారు. వాళ్ల ఇళ్లలో ఇలాంటి మరణం నిజంగానే ఒకటి జరిగి ఉండవచ్చు. వాళ్లను ఎవరూ స్టూడియోకు పిలవలేదు. ప్రాంక్ తప్పా ఒప్పా అన్న చర్చలో కూడా ప్రాంకుకు గురైనవాడికి కుర్చీ ఉండదు.

దీని ఫలితం ఆ ఒక్క రోజుతో పోయేది కాదు. రోడ్డు మీద పడిపోయిన మనిషిని ముట్టుకుంటే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడే దేశం మనది. ఆ భయం పోగొట్టడానికి 2016లో సుప్రీంకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాద బాధితుడికి సాయపడినవారికి రక్షణ కల్పించారు. ఆ సెక్షనులో అలాంటివారికి పెట్టిన పేరు, మన సంఘాల్లో ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసినదే, మంచి సమరయుడు. ఇంత కష్టపడి జనాన్ని బాధితుడి దగ్గరికి రప్పించాలని చట్టం చూస్తుంటే, ముందు కెమెరా ఎక్కడుందో చూసుకో అని ప్రాంక్ నేర్పుతోంది. సాగర్ రోడ్డు మీద రాత్రి పూట ఎవరైనా బండి మీంచి పడితే, ఇది కూడా ప్రాంకేమో అని ఒక్క నిమిషం తటపటాయించినా అది చిన్న సంగతి కాదు.

ఈ విషయం ఒక్క మన ఊరిది కాదు. పూర్తి నిడివి సినిమాలుగా ప్రాంకులు తీసి ప్రపంచమంతా అమ్మినవారు ఉన్నారు. బ్రిటిష్ హాస్యనటుడు సాషా బారన్ కోహెన్ కజకిస్తాన్ విలేకరి వేషంలో అమెరికా అంతా తిరిగి, ఎదురైన మామూలు మనుషులను నమ్మించి తీసిన 'బోరాట్' 2006లో వచ్చింది. రెండో భాగం 2020 అక్టోబరులో వచ్చింది. వాటిని చూడమని మేము చెప్పడం లేదు. కుటుంబంతో కూర్చుని చూసేవి కావు. గొప్పవారి జాతివివేచనను, యూదుల మీద ద్వేషాన్ని బయటపెట్టడమే వాటి ఉద్దేశమని సమర్థించేవారు ఉన్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అధికారంలో ఉన్నవాడి ముసుగు తీయడం వేరు.

అయితే మొదటి సినిమాలో కజకిస్తాన్ పల్లెగా చూపించినది నిజానికి రొమేనియాలోని గ్లోద్ అనే పేద ఊరు. తమ కష్టాల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారనుకున్నామని ఆ ఊరివారు తర్వాత చెప్పారు. వారికి ఇచ్చిన సొమ్ము నామమాత్రం. చేయి లేని ఒకాయన మొండిచేతికి ఒక వస్తువు తగిలించి చిత్రీకరించారు. అదేమిటో తనకు తెలియదని ఆయన తర్వాత అన్నాడు. అదేమిటో మేము ఇక్కడ రాయలేం. ఊరివారు కొందరు అమెరికా కోర్టుకు వెళ్లినా దావా నిలబడలేదు. చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు అని లేవీయకాండంలో (19:14) ఒక ఆజ్ఞ ఉంది. చెవిటివాడికి తిట్టు వినబడదు కదా, అతనికి ఏం బాధ అని వాదించవచ్చు. తెలియదు కాబట్టి బాధ లేదు అనే వాదనను ఆ ఆజ్ఞ ఒప్పుకోదు. గ్లోద్ సంగతి చదివినప్పుడు మాకు ఆ వచనం కొత్తగా అర్థమైంది.

రెండో సినిమాలో జరిగినది ఇంకో రకం. ఓక్లహోమా సిటీలోని ఎబెనెజర్ బాప్టిస్టు సంఘ సభ్యురాలు జనీస్ జోన్స్ అనే ఆమెను, పిల్లను చూసుకునే పాత్రకు, డాక్యుమెంటరీ అని చెప్పి తీసుకున్నారు. ఒక అమాయకపు అమ్మాయిని ముసలివాడికి కట్టబెట్టబోతున్నారని ఆమె నిజంగానే నమ్మింది. ఆ అమ్మాయి ఒక నటి. జనీస్‌కు ఆ సంగతి తెలియదు. నువ్వు ఉన్నట్టే బాగున్నావు, చదువుకో, నీ బుర్ర వాడుకో అని తల్లిలా బుద్ధి చెప్పింది. చిత్రీకరణ ముగిశాక కూడా ఆ పిల్ల ఏమైపోయిందోనని బెంగపడి ప్రార్థన చేస్తూనే ఉంది. సినిమా బయటికి వచ్చాక గానీ అసలు సంగతి ఆమెకు తెలియలేదు.

ప్రేక్షకులు ఆమెను మెచ్చుకున్నారు. ఆ సినిమాలో మనిషిలా కనిపించినది ఆమె ఒక్కతే అన్నవారూ ఉన్నారు. అంటే ఎవరికీ నష్టం జరగలేదా? ఆమెకు ముట్టినది 3,600 డాలర్లు. కరోనా కాలంలో ఆమె ముప్పై రెండేళ్లు చేసిన ఉద్యోగం పోయింది. ఆమె సంఘ కాపరి డెరిక్ స్కోబీ ఇంటర్నెట్‌లో విరాళాల పిలుపు ఇస్తే లక్షా ఎనభై వేల డాలర్లకు పైగా వచ్చాయి. తర్వాత బారన్ కోహెన్ కూడా ఆ సంఘం ద్వారా అక్కడి పేదల అవసరాలకు లక్ష డాలర్లు ఇచ్చాడు. మంచిదే. కానీ డబ్బుతో తీరని లెక్క ఒకటి మిగిలింది. లేని అమ్మాయి కోసం ఒక తల్లి నెలల తరబడి మోకరించింది. ఆ ప్రార్థన వ్యర్థమని మేము అనం. ఆ కన్నీళ్లు తీసుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

జనీస్ కథ సుఖాంతమైంది. జసింతా సల్దానా కథ అలా ముగియలేదు. 2012 డిసెంబరు 4 తెల్లవారుజామున లండన్‌లోని కింగ్ ఎడ్వర్డ్ సెవెన్ ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. అప్పుడు యువరాణి కేట్ అక్కడ చికిత్సలో ఉంది. ఫోన్ చేసినవారు సిడ్నీలోని ఒక రేడియో జాకీలు, రాణిగా, ఛార్లెస్‌గా గొంతు మార్చి మాట్లాడారు. రిసెప్షనులో ఎవరూ లేని వేళ, మంగళూరు ప్రాంతం నుంచి వెళ్లిన నర్సు జసింతా ఫోను ఎత్తి, లోపలి వార్డుకు కలిపింది. ఆమె చేసిన పని అంతే. రేడియో దాన్ని ప్రసారం చేసింది, ప్రపంచం నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆమె ప్రాణం తీసుకుంది. ఆత్మహత్యకు ఒక్కటే కారణం ఉందని ఎవరూ చెప్పలేరు, మేమూ చెప్పం. కానీ ఆమె పెట్టె ఉడుపి జిల్లా శిర్వలోని దేవాలయానికి వచ్చినప్పుడు, ఫోను కలిపినందుకు నవ్విన ప్రపంచంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అనుమతి లేకుండా రికార్డు చేసిన సంభాషణను ప్రసారం చేయడం మీద నియంత్రణ సంస్థ తీర్పు చెప్పవచ్చా అన్న వివాదం ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లింది. చెప్పవచ్చని 2015 మార్చిలో ఆ కోర్టు తేల్చింది.

ప్రాంక్ చేసేవారు చెప్పే సమాధానం ఒకటే. చివరికి నిజం చెప్పాం, వాళ్లూ నవ్వారు, సరే అన్నారు. కెమెరా చూపించి నవ్వమనే ఈ పద్ధతి అమెరికాలో ఎలెన్ ఫంట్ 1948లో టీవీకి తెచ్చిన 'క్యాండిడ్ కెమెరా' నాటిది. ఆ చివరి నవ్వు ఎలాంటిదో ఆలోచించండి. చుట్టూ నలుగురు కుర్రవాళ్లు, ఒక మైకు, రెండు ఫోన్లు. ఇప్పుడే గుండె దడ తగ్గింది. కోప్పడితే 'ప్రాంక్ రివర్స్' అని ఆ ముక్కకే ఎక్కువ వ్యూస్ వస్తాయి. నవ్వక ఏం చేస్తాడు? దాన్ని సమ్మతి అనడం, తోసేశాక లేచి దులుపుకున్నవాణ్ని చూసి దెబ్బ తగల్లేదనడం లాంటిది. నేను తమాషాకే చేశాను అని పొరుగువాణ్ని మోసం చేసినవాణ్ని, నిప్పుకొరవులు విసిరే వెర్రివాడితో పోలుస్తూ సామెతల గ్రంథం (26:18, 19) మూడు వేల ఏళ్ల కిందటే ఈ సాకును విన్నట్టుంది.

అన్నట్టు, ఈ వీడియోల్లో చాలావరకు ముందే మాట్లాడుకుని తీసినవే అంటారు. నిజమే కావచ్చు. అప్పుడు బకరా అయ్యేది ఫోను పట్టుకున్నవాడు.

చట్టం సంగతి కొస్తే, 2019 ఏప్రిల్‌లో టిక్‌టాక్ కేసు విచారిస్తూ మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, తెలియనివారి మీద ప్రాంక్ చేసి వీడియో తీయడం వారి వ్యక్తిగత గోప్యతకు భంగమని స్పష్టంగా అంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులోనే సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పి ఉంది. కానీ పళ్లమ్మే పెద్దమ్మ ఆ తీర్పులు పట్టుకుని ఎక్కడికి వెళ్తుంది? తెలుగు నేల మీద చట్టం గట్టిగా కదిలినది 2024 జూలైలో. ఒక తండ్రీ చిన్నారి కూతురి వీడియో మీద యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు, అతని స్నేహితులు చేసిన అసహ్యమైన వ్యాఖ్యలను నటుడు సాయి దుర్గా తేజ్ బయటపెడితే, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సో కేసు పెట్టి ప్రణీత్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. రాష్ట్రమంతా అసహ్యించుకుంది. ఆ అసహ్యం ఆరోగ్యకరమైనది. నవ్వుతున్నది ఎవరిని చూసి అన్న ప్రశ్న ఆ రోజు అందరికీ ఒక్కసారిగా తట్టింది, ఎందుకంటే అక్కడ ఉన్నది పసిపిల్ల.

మన సంఘాలకు ఈ బాధ కొత్త కాదు. పల్లె కాపరులు కన్నీళ్లతో చేసిన ప్రార్థనలను, సాక్ష్యం చెప్తూ తడబడిన అక్కల మాటలను కోసి, సినిమా పాటలు తగిలించి తిప్పుతుంటే మనకు ఎంత కోపం వస్తుంది! ఆ కోపం న్యాయమే. అయితే అదే వాట్సాప్ గ్రూపులో, అదే వేలితో, వాచ్‌మన్ బెదిరిపోయిన వీడియో కూడా ముందుకు వెళ్తోంది. యౌవనస్థుల కూడికల్లో కొత్తగా వచ్చిన పిల్లవాణ్ని ఆటపట్టించి రీల్ తీయడం ఇప్పుడు కార్యక్రమంలో ఒక భాగమైపోయింది. నాదర్‌గుల్, గుర్రంగూడ, బడంగ్‌పేట లాంటి చోట్ల సగం ఊరు, సగం నగరం. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలూ, పాలమూరు నుంచి వచ్చి అపార్టుమెంటు కింద గదిలో కాపురం పెట్టిన కుటుంబాలూ ఒకే ప్రార్థన మందిరంలో పక్కపక్కన కూర్చుంటారు. వీడియో తీసే చేయి, వీడియోకు దొరికే మొహం, రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి. నగరం నడిబొడ్డున అయితే మొహం జనంలో కలిసిపోతుంది. ఇక్కడ మరుసటి రోజు కిరాణా కొట్టు దగ్గరే అడుగుతారు, వీడియోలో ఉన్నది నువ్వే కదా అని.

అలాంటి వీడియో చూసినప్పుడు నవ్వుతో పాటు లోపల ఎక్కడో చిన్న ఇబ్బంది కలిగితే, దాన్ని తోసేయకండి. ఫోనును కాసేపు పక్కన పెట్టండి. మీ సంఘంలో ఎవరి మొహమైనా అలా తిరుగుతోందేమో అడిగి తెలుసుకోండి. తమ అనుమతి లేకుండా తమను గుర్తుపట్టేలా పెట్టిన వీడియోను తీసేయమని యూట్యూబ్‌కు గోప్యత ఫిర్యాదు చేసే వీలు ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. వేధింపు అయితే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో రాయవచ్చు, దగ్గరి పోలీస్ స్టేషనుకూ వెళ్లవచ్చు. లింకు, తేదీ, స్క్రీన్‌షాట్ ముందుగా దాచుకోవాలి. ఫోను తెలిసిన పిల్లలకు ఇదంతా కొద్దిసేపటి పని. వాచ్‌మన్ అన్నకు, పళ్లమ్మే పెద్దమ్మకు ఆ పేజీ ఎక్కడుంటుందో తెలియదు, ఉందన్న సంగతీ తెలియదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, యౌవనస్థుల్లో ఇద్దరు ఒక ఫోనుతో వరండాలో కూర్చుంటే చాలు.